పలాస జీడిపప్పుకు ఏ దేశం?

ప్రశ్న: పలాసలో మాకు చిన్న జీడిపప్పు పరిశ్రమ ఉంది. ఎగుమతికి ఏ దేశం మంచిదో సాఫ్ట్‌వేర్ చెబుతుందని మా అబ్బాయి అంటున్నాడు. నమ్మవచ్చునా?

జవాబు: నమ్మవచ్చును గాని, అది చూపే అంకెలను చదవడం తెలియాలి. జెనీవాలోని అంతర్జాతీయ వాణిజ్య కేంద్రం నడిపే ‘ట్రేడ్ మ్యాప్’ వెబ్‌సైట్‌లో, అంతర్జాతీయ వాణిజ్యంలో పెంకు తీసిన జీడిపప్పును గుర్తించే 080132 అనే కోడ్ ఇస్తే, ఏ దేశం ఏటా ఎంత జీడిపప్పును ఎవరి వద్ద కొంటున్నదో పట్టికగా వస్తుంది. (చివరి అంకె 1 అయితే అది పెంకుతో ఉన్న గింజల లెక్క, మీరు కొనే సరుకే గాని అమ్మేది కాదు.) పట్టికలో నెదర్లాండ్స్ పెద్ద కొనుగోలుదారుగా కనిపించగానే అక్కడికే పంపాలనుకోకండి, రాటర్‌డ్యామ్ రేవులో దిగిన సరుకులో చాలా భాగం మళ్లీ జర్మనీ వంటి పొరుగు దేశాలకు వెళ్తుంది, పైగా అక్కడ వియత్నాంతో గట్టి పోటీ ఉంటుంది. విలువను టన్నులతో భాగించి సగటు ధర కట్టేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే ఆ ఒక్క కోడ్‌లోనే గుండు పప్పు, బద్ద, ముక్క అన్నీ కలిసి ఉంటాయి కాబట్టి మీ డబ్ల్యూ 320 (గుండు పప్పులో ఒక సైజు) రకానికి ఆ ధర వర్తించదు. సుంకాలకు అదే సంస్థ వారి ‘మార్కెట్ యాక్సెస్ మ్యాప్’ చూడండి. నా మట్టుకు, 2022 మే 1 నుంచి మనతో వాణిజ్య ఒప్పందం అమలులో ఉన్న యు.ఏ.ఇ.తో పరిశీలన మొదలుపెట్టమంటాను.