గుమ్మంలో సముద్రం ఉన్నా బిందెడు నీళ్లు తేవద్దు

చి॥ లావణ్యకు,

మావయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం చదివాను. గృహప్రవేశానికి రెండు వారాలుందని, ఆ రోజుకి హాల్లో ఉప్పునీటి ట్యాంకు, పగడాలు, నారింజ చారల క్లౌన్ చేపల జంట సిద్ధంగా ఉండాలని రాశావు. నీళ్లూ ఇసుకా రాళ్లూ ఎదురుగా ఉన్న వైజాగ్ సముద్రంలోంచే తెచ్చుకుంటే ఖర్చు కలిసొస్తుందని కూడా లెక్క వేశావు. గృహప్రవేశానికి ట్యాంకు ఉంటుంది, నీళ్లుంటాయి, రాళ్లుంటాయి. చేప మాత్రం ఉండదమ్మా. ఎంత తొందరపడినా మొదటి చేప దిగడానికి ఎనిమిది వారాలు. ఇక బీచ్ నుంచి తెచ్చుకోవాల్సింది ఏమీ లేదు. ఎందుకో చెబుతాను.

ఒడ్డు దగ్గర నీళ్లలో గెడ్డల మురుగు, పడవల డీజిల్ ఎలాగూ ఉంటాయి. అవి లేవనుకున్నా, మన బంగాళాఖాతం ఉప్పు ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. వేసవిలో లీటరుకు 33, 34 గ్రాములు ఉండే ఉప్పు, వానలు వెనకబట్టాక అక్టోబరు, నవంబరుల్లో 30కి బాగా కిందికి జారిపోతుంది. ఉత్తరాన పెద్ద నదులు తెచ్చి పోసిన మంచినీళ్లు ఆ రోజుల్లో తీరం వెంబడి దక్షిణానికి దిగివస్తాయి. ట్యాంకుకి కావాల్సింది ఏడాదంతా కదలకుండా 35.

ఇసుక సంగతి నువ్వే పరీక్షించుకో. చిన్న అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి భీమిలి ఇసుకలో ఒకసారి తిప్పు. నల్లటి రేణువులు గడ్డం మొలిచినట్టు నిక్కబొడుచుకుని అంటుకుంటాయి. ట్యాంకులో నీళ్లు తిప్పే వేవ్‌మేకర్‌కీ, అద్దం తుడిచే బిళ్లకీ అయస్కాంతాలే ఉంటాయి. ఆ రేణువు ఒక్కటి బిళ్లకీ అద్దానికీ మధ్య చిక్కి నువ్వు లాగావంటే, అద్దం మీద పడిన గీత ఇక పోదు. పైగా అది చాలావరకు క్వార్ట్జ్, గార్నెట్ ఇసుక. ఉప్పునీటి ట్యాంకుకి కావాల్సింది సున్నపు జాతి ఇసుక, ఆరగొనైట్ అని అమ్ముతారు. రుషికొండ, యారాడ రాళ్లూ పనికిరావు. అవి బిగువైన కొండరాళ్లు, బ్యాక్టీరియా కాపురం పెట్టడానికి లోపల గుల్ల ఉండదు. పైన అంటుకున్న బార్నకిల్స్ అనే గుల్ల జీవులు ట్యాంకులో చచ్చి కుళ్లుతాయి, సందుల్లో దాక్కున్న పీతలు రాత్రిపూట బయటికొచ్చి చేపల్ని పడతాయి.

ట్యాంకు 30 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 18 ఎత్తు చేయించు, 10 మిల్లీమీటర్ల అద్దంతో. నిండా పోస్తే 159 లీటర్లు పడుతుంది, మనం పోసేది 130. ఇంతకంటే చిన్నదైతే ఖర్చు తగ్గుతుందనుకుంటారు గానీ, నీళ్లు తక్కువైన కొద్దీ వేడీ ఉప్పూ గబగబా మారిపోతాయి. కొత్తవాళ్లు దెబ్బతినేది అక్కడే. అద్దం, స్టాండు, రాళ్లు, ఇసుక, నీళ్లు అన్నీ కలిసి 250 కిలోల దాకా తూగుతుంది. గోడకి ఆనుకుని, కింద బీమ్ ఉన్న చోట పెట్టించు. పార్టికల్ బోర్డు స్టాండు వద్దు, నీళ్లు చిందితే ఉబ్బిపోతుంది. పౌడర్ కోటింగ్ చేసిన ఇనుప ఫ్రేము, పైన మెరైన్ ప్లై మేలు. మన గాలికే ఇనుము తుప్పు పడుతుంది, దానికి ఈ ఉప్పు తోడు. కిటికీ ఎండ ట్యాంకు మీద పడకూడదు. ప్లగ్గులన్నీ నీటిమట్టానికి పైన ఉండాలి. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లాలి, అప్పుడు వైరు వెంబడి జారిన చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. ఆ లైనుకి 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైన వెంటనే ఆపేసే స్విచ్, పెట్టించకుండా నీళ్లు పోయొద్దు.

నీళ్ల దగ్గర కాస్త నిదానంగా చదువు. కొళాయి నీళ్లు, బోరు నీళ్లు రెండూ వద్దు, ఆర్వో నీళ్లు కావాలి. అయితే ఇంట్లో తాగడానికి పెట్టిన మెషీను నీళ్లు ఉన్నవున్నట్టు పనికిరావు. రుచి కోసం వాటిలో ఖనిజాల కార్ట్రిడ్జ్ ఉంటుంది, కొన్ని మెషీన్లు కొళాయి నీళ్లని కాస్త కలిపి పంపుతాయి, ఈమధ్య వచ్చే చాలా మెషీన్లలో రాగి కార్ట్రిడ్జ్ కూడా పెడుతున్నారు. మనుషులకి మంచిదని అమ్మే ఆ రాగి రొయ్యలకీ నత్తలకీ పగడాలకీ అచ్చంగా విషం. నీళ్లని వడకట్టే పొర (మెంబ్రేన్) నుంచి బయటికొచ్చే పైపు దగ్గరే, ఆ కార్ట్రిడ్జ్‌లన్నిటికీ ముందే, ఒక T ఆకారపు జాయింటు వేసి నీళ్లు పట్టుకోవాలి. దాని తర్వాత, నీళ్లలో మిగిలిన లవణాల్ని పట్టేసే డీఐ రెజిన్ నింపిన గొట్టం ఒకటి పెడితే, కరిగిన లవణాల్ని కొలిచే టీడీఎస్ మీటరు సున్నా చూపిస్తుంది. అంకె 2, 3కి పెరిగిందంటే రెజిన్ అయిపోయినట్టు. ఆర్వో వదిలేసే నీళ్లు గచ్చు కడగడానికి వాడుకో.

ఉప్పు అంటే వంటుప్పు కాదు, పగడాల ట్యాంకులకని అమ్మే మెరైన్ సాల్ట్. లీటరుకు 37 గ్రాముల చొప్పున 130 లీటర్లకి 4.8 కిలోలు. మొదటిసారి జీవం ఏదీ ఉండదు కాబట్టి ట్యాంకులోనే కలుపుకోవచ్చు. నీళ్లు పోసి, పంపు వేసి, ఉప్పు కొంచెం కొంచెంగా వేస్తూ ఒక రోజంతా తిరగనివ్వు. ఉప్పులో నీళ్లు పోయకూడదు, సున్నం తెల్లగా విరిగి అడుగున పేరుకుపోతుంది. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరుతో చూస్తే 35 రావాలి. ఆ పరికరాన్ని సరిగ్గా 35 ఉప్పు ఉన్న ద్రావణంతోనే సరిచేసుకో. మంచినీళ్లతో సున్నా దగ్గర సరిపెట్టుకుంటే పైన తప్పు చూపించవచ్చు.

తర్వాత రాళ్లు. 12 కిలోల గుల్ల సిరామిక్ రాయి చాలు. ముందు రాళ్లని అద్దం మీదే కదలకుండా కూర్చోబెట్టి, ఆ తర్వాత 15 కిలోల ఇసుక కడిగి చుట్టూ పొయ్యి. తిరగేసి ఇసుక మీద రాళ్లు పెడితే, గోబీ చేప అడుగున తవ్విన రోజున గుట్ట కూలి అద్దం మీద పడుతుంది. రాళ్ల వెనక నీళ్లు ఆడేలా వేలు దూరేంత సందు వదులు. నీళ్లు రెండు మూడు రోజులు పాలలా ఉంటే కంగారు పడకు.

రెండు వేవ్‌మేకర్లు పెట్టు, రెండూ కలిపి గంటకి 2,500 లీటర్లకి పైన తిప్పాలి. మురికిని నురుగుగా తోడేసే, వెనక తగిలించే స్కిమ్మర్ ఒకటి, ఎల్‌ఈడీ లైటు ఒకటి. లైటు రోజుకి 8 గంటలు, మొదట్లో 30 శాతం మీదే.

వైజాగ్‌లో ఈ ట్యాంకుల్ని ముంచేది వేడి. నీళ్లు 25, 26 డిగ్రీలు ఉండాలి, 28 దాటితే గండమే. మేలో మన గదులే 33 ఉంటాయి. ఫ్యాను పెడితే చల్లబడుతుందని ఎక్కడెక్కడి వాళ్లో చెబుతారు. వాళ్ల ఊళ్లలో గాలి పొడి, నీళ్లు చకచకా ఆవిరై చల్లబడతాయి. ఒంటి మీద చెమటే ఆరని మన ఊళ్లో ట్యాంకు నీళ్లు మాత్రం అంత చకచకా ఎలా ఆరతాయి? కాబట్టి నీళ్లని చల్లబరిచే మెషీను, అదే చిల్లర్, ఉండాలి, లేదా ఆ గదిలో రాత్రింబగళ్లు ఏసీ నడవాలి. మిగతా సరంజామా అంతా ఒక ఎత్తు, చిల్లర్ ఒక్కటీ ఒక ఎత్తు. ఆ డబ్బు ఇప్పుడు లేకపోతే ట్యాంకే వాయిదా వెయ్యి, చిల్లర్‌ని కాదు. చిల్లర్‌ని స్టాండు అరలో పెట్టి తలుపు మూస్తే అది వదిలిన వేడినే అది పీల్చుకుంటుంది, బయటే పెట్టు.

ఇప్పుడు ఆ ఎనిమిది వారాల్లో ఏం జరుగుతుందో చూడు. చేప విసర్జించేది అమ్మోనియా. ఒక జాతి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో జాతి నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా చేపని చంపుతుంది, నైట్రేట్ కొద్దిగా ఉంటే ఫర్వాలేదు. ఈ బ్యాక్టీరియా రాళ్లలో స్థిరపడాలంటే వాటికి తిండి కావాలి. పచ్చి రొయ్య ఒకటి పడేయమంటారు. అది ఇల్లంతా కంపు కొడుతుంది, ఎంత అమ్మోనియా వస్తుందో లెక్కా ఉండదు. దానికి బదులు అమ్మోనియం క్లోరైడ్ 0.8 గ్రాము వేస్తే 130 లీటర్లలో 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అమ్మోనియా వస్తుంది. కళాయి పూతకి వాడే బజారు నవాసాగరం కాదు, ల్యాబ్ రకం. సీసాలో అమ్మే బ్యాక్టీరియా కలిపితే పని కొంచెం ముందుకు జరుగుతుంది. రెండు రోజులకోసారి నీటి పరీక్ష కిట్‌తో చూడు. వేసిన 2 పీపీఎం 24 గంటల్లో సున్నా అయి, నైట్రైట్ కూడా సున్నా వస్తే ట్యాంకు పండినట్టు. మామూలుగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అప్పుడు సగం నీళ్లు మార్చెయ్యి.

ఈలోగా గోధుమరంగు పూత ఒకటి ఇసుకా రాళ్లూ కమ్మేస్తుంది. దాని వెనకే పచ్చటి జుట్టు నాచు. చూడటానికి అసహ్యంగానే ఉంటుంది గానీ మందులేవీ వేయొద్దు, చేత్తో పీకి పారెయ్యి. ఆరో వారంలో నాలుగు హెర్మిట్ పీతలు, నాలుగు టర్బో నత్తలు దింపితే మిగతాది అవి చూసుకుంటాయి.

పగడాల విషయం గట్టిగా చెబుతున్నాను. గట్టి పగడాలన్నీ, విసనకర్రలా ఉండే సీ ఫ్యాన్లూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. పులి ఉన్న షెడ్యూలే అది. షాపువాడు వెనక గదిలోంచి తెచ్చి చూపించినా, అలంకారానికని ఎండిన ముక్క ఇచ్చినా తీసుకోకు. మెత్తటి రకాల్లో జోవాంథిడ్లు, మష్రూములు, లెదర్ పగడాలు కొత్త చేతికి తట్టుకుంటాయి. అవి కూడా ఎక్కడ పెంచినవో బిల్లూ కాగితమూ ఇచ్చేవాడి దగ్గరే కొను, కొనేముందు అటవీ శాఖలో ఒకసారి అడుగు. మూడో నెల దాటాక, ఒకటొకటిగా. జోవాంథిడ్లలో కొన్నిటికి పాలీటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, కోసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకో, అవి అంటిన రాయిని వేడినీళ్లలో ఎప్పుడూ ఉడకబెట్టకు. ఆవిరి పీల్చినా ప్రమాదమే.

చేపలు ఈ ట్యాంకుకి నాలుగు, మహా అయితే ఐదు. క్లౌన్ జంట హేచరీలో పుట్టినదే కావాలని అడుగు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) వాళ్లు మన దేశంలోనే వాటిని పుట్టించే పద్ధతులు ఎప్పుడో తయారుచేశారు. జంటంటే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకో. క్లౌన్లన్నీ మొదట మగవే, పెత్తనం చేసేది తర్వాత ఆడదవుతుంది. రెండూ ఒకే సైజైతే పెత్తనం తేలేదాకా కొట్టుకుంటాయి. సముద్రంలో అవి కాపురముండే అనిమోన్ అనే పువ్వులాంటి జీవి ఇక్కడ వాటికి అక్కర్లేదు, ఏడాది నిండని ట్యాంకులో అది బతకదు. చౌకగా దొరికే డామ్సెల్ చేపలు వద్దు, తర్వాత వచ్చిన ప్రతిదాన్నీ తరిమి చంపుతాయి. బ్లూ టాంగ్ చేపకి ఈ ట్యాంకు చాలదు. మాండరిన్ చేప ఇందులో ఆకలితో చస్తుంది.

ఏ చేపైనా ముందు 40 లీటర్ల వేరే ట్యాంకులో, స్పాంజ్ ఫిల్టరు, రెండు పీవీసీ పైపు ముక్కలతో 30 రోజులు ఉండాల్సిందే. రవ్వ చల్లినట్టు తెల్లచుక్కలు కనిపిస్తే వైద్యం అక్కడే. పెద్ద ట్యాంకులో రాగి మందు పోశావంటే రొయ్యలూ పగడాలూ పోతాయి, రాళ్లలో ఇంకిన రాగి ఓ పట్టాన పోదు. జబ్బు పెద్ద ట్యాంకులోకే వస్తే చేపలన్నిటినీ తీసేసి దాన్ని 76 రోజులు చేప లేకుండా ఉంచడమే దారి. ఈ లెక్క తెలిశాక 30 రోజులు ఎక్కువనిపించవు.

రోజూ ఆవిరైన మేరకి ఉత్త ఆర్వో నీళ్లు పొయ్యాలి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు లోపలే ఉంటుంది. ఉప్పునీళ్లతో భర్తీ చేస్తూ పోతే నెల తిరిగేసరికి 40కి చేరుతుంది. అద్దం మీద స్కెచ్‌పెన్నుతో గీత గీసుకో. వారానికోసారి 13 లీటర్లు మార్చు, దానికి ఉప్పు అర కిలోకి కాస్త తక్కువ. ముందురోజే బకెట్లో కలిపి పెట్టుకో. ఆల్కలినిటీ, అంటే నీళ్ల క్షారగుణం, డీకేహెచ్ కొలతలో 8, 9 మధ్య ఉండాలి, నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం. నైట్రేట్‌ని సున్నా చేయాలని పంతం పట్టకు, తిండిలేక పగడాలు పాలిపోతాయి.

ట్యాంకు ఉన్న గదిలో దోమల స్ప్రే కొట్టకూడదు, ప్లగ్గులో పెట్టే దోమల మందూ వద్దు. దోమని చంపే మందే రొయ్యనీ చంపుతుంది, గాలి పంపు దాన్ని నేరుగా నీళ్లలోకి తోడేస్తుంది. వీధిలోకి పొగ బండి వస్తే కిటికీలు మూసి పంపు ఆపు. దోమతెర కట్టుకోండి.

కరెంటుకి ఒక వేవ్‌మేకరైనా ఇన్వర్టరు లైను మీద ఉండాలి, బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి అలమరలో ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో ఎన్ని రోజులు కరెంటు లేదో మీ అమ్మని అడుగు. తుపాను హెచ్చరిక రాగానే చేపలకి తిండి ఆపెయ్యి, 30 లీటర్ల ఉప్పునీళ్లు కలిపి పెట్టుకో. మూడు నాలుగు రోజులు తినకపోతే చేపకి ఏమీ కాదు, నీళ్లు కదలకపోతే తెల్లారేసరికి ఊపిరాడదు.

ఇప్పటికి అద్దం పని మొదలుపెట్టించు. ఈలోగా మీ ఆర్వో మెషీను మూత తీసి, లోపలున్న ఒక్కొక్క కార్ట్రిడ్జ్ మీద ఏం రాసి ఉందో ఫోటో తీసి పంపు.

మీ మావయ్య