సింగిల్ స్కల్ ఎక్కాలనుకుంటున్న మా అమ్మాయికి

తల్లీ,

నీ మెసేజ్ చదివాను. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పేస్తే నాకు తృప్తిగా ఉండదు, అందుకే తీరుబడిగా రాస్తున్నాను. ఇరవై రెండేళ్లకు రోయింగ్, అదే తెడ్లతో పడవ లాగే పోటీల ఆట, మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టేనా అని అడిగావు. ఆలస్యమేమీ కాలేదు. 2016లో రియోలో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన ఆస్ట్రేలియా స్కలర్ (చేతికొకటి చొప్పున రెండు తెడ్లతో లాగే ఆటగత్తె) కిమ్ బ్రెనన్ ఈ ఆటలోకి వచ్చింది ఇరవై ఏళ్లప్పుడు. అదీ ఇదే మెల్‌బోర్న్‌లో, నువ్వు చదువుతున్న యూనివర్సిటీ బోట్ క్లబ్‌లోనే.

కాలి గాయంతో నీ నాలుగు వందల మీటర్ల పరుగు ఆగిపోయిందని మీ అమ్మ చెప్పినప్పుడే నాకు ఆ అమ్మాయి గుర్తొచ్చింది. అప్పట్లో ఆమె పేరు కిమ్ క్రో. వాళ్ల నాన్న మ్యాక్స్ క్రో ఇక్కడి ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో పేరున్న ఆటగాడు. ఆమె నాలుగు వందల మీటర్ల హర్డిల్స్ పరిగెత్తేది. 2001లో ప్రపంచ యూత్ అథ్లెటిక్స్‌లో రజతం కూడా గెలిచింది. అంత పరుగూ పాదం గాయంతో ఆగిపోయింది. 2005లో పడవ ఎక్కింది, 2008కల్లా బీజింగ్ ఒలింపిక్స్‌లో ఉంది. అలాగని నువ్వు వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టుకోకు. ఆమెకు అప్పటికే ప్రపంచ స్థాయి కాళ్లూ ఊపిరీ ఉన్నాయి, నీకు యూనివర్సిటీ మీట్ల స్థాయివి ఉన్నాయి. కానీ ఏళ్ల తరబడి ట్రాక్ మీద కష్టపడిన ఒళ్లు ఆ కష్టాన్ని మర్చిపోదు, అది ఇక్కడ నీకు తప్పకుండా అక్కరకొస్తుంది.

ఇక నీ రెండో ప్రశ్న. "డైరెక్ట్‌గా సింగిల్ నేర్చుకోవచ్చా పెద్దమ్మా, నాకు ఎవరితోనూ సర్దుకుపోవాల్సిన పని ఉండదు కదా" అని రాశావు. సింగిల్ స్కల్ అంటే ఒక్కరే కూర్చుని లాగే పడవ, దీనికి మాత్రం వద్దనే చెబుతాను. ఎందుకో అర్థం కావాలంటే కిమ్ ఏ పడవ తర్వాత ఏ పడవ ఎక్కిందో చూడు.

బీజింగ్‌లో ఆమె ఎయిట్‌లో కూర్చుంది. ఎనిమిది మందీ తలా ఒక తెడ్డు రెండు చేతులతో పట్టుకుని లాగే పడవ అది, దిశ చూసుకోవడానికి కాక్స్ ఉంటారు. ఆ పడవ ఫైనల్లో ఆరో స్థానంలో వచ్చింది. అదే ఒలింపిక్స్‌లో ఇద్దరు లాగే పెయిర్‌లోనూ దిగింది. ఆ తర్వాతే స్కలింగ్ వైపు మళ్లింది. స్కలింగ్‌లో ఒక్కొక్కరికి రెండు తెడ్లు, ఒక్కో చేతికి ఒకటి. 2012లో లండన్‌కు వెళ్లేసరికి బ్రూక్ ప్రాట్లీతో కలిసి డబుల్ స్కల్స్‌లోనూ, ఒంటరిగా సింగిల్ స్కల్స్‌లోనూ పోటీపడుతోంది. ఆగస్టు 3న డబుల్ ఫైనల్. బ్రిటన్ జంట గ్రెయింజర్, వాట్కిన్స్ వెనకాల రజతం. మర్నాడే సింగిల్ ఫైనల్, అందులో కాంస్యం.

ఆ రెండో రోజు గురించి ఎప్పుడు తలచుకున్నా నాకు ఆమె మీద గౌరవం రెట్టింపవుతుంది. రెండు వేల మీటర్ల రేసు అయ్యాక తొడలు ఎలా మండుతాయో, నోట్లో ఇనుము రుచి ఎలా వస్తుందో నువ్వు త్వరలోనే తెలుసుకుంటావు. ఒలింపిక్ ఫైనల్లో ఉన్నదంతా ధారపోసి, ఒక్క రాత్రి నిద్రతో మళ్లీ స్టార్ట్ లైన్ దగ్గర కూర్చోవడం మామూలు సంగతి కాదు. నా దృష్టిలో రియో స్వర్ణం కంటే ఇదే పెద్దది. ఆమె పడవలెక్కిన వరుసలో నీకు పనికొచ్చే మాట ఒకటుంది. ఎయిట్‌లో లయ నేర్చుకుంది, పెయిర్‌లో ఎదుటి మనిషిని వినడం నేర్చుకుంది, డబుల్‌లో రెండు తెడ్లతో అదే పని చేయడం నేర్చుకుంది. సింగిల్‌లో సొంతంగా నిలబడగలిగింది ఇవన్నీ అయ్యాకే. నువ్వు కూడా మొదట నలుగురు కూర్చునే క్వాడ్ ఎక్కు. ముందు కూర్చున్న అమ్మాయి వీపు చూస్తూ, ఆమె సీటు జరిగినప్పుడే నీ సీటు జరపడం నేర్చుకో. ఎవరితోనో సర్దుకుపోలేక సింగిల్ కోరుకునేవాళ్లను నేను క్లబ్‌లో చూశాను. వాళ్లకు తప్పు చెప్పేవాళ్లుండరు, ఆ తప్పు ఒంటికి పట్టేస్తుంది.

సింగిల్ అంటే ఎలా ఉంటుందో చెప్తాను, నీకు భయం పెట్టడానికి కాదులే. పొడవు ఎనిమిది మీటర్లు, వెడల్పు ఇంచుమించు ఒక అడుగు. పోటీలకు పనికొచ్చే పడవ బరువు 14 కిలోలకు తగ్గకూడదని రూలు, అంటే భుజాన వేసుకుని నువ్వొక్కదానివే మోసుకెళ్లగలవు. తెడ్డు ఒక్కొక్కటీ తొమ్మిదడుగుల పైమాటే. వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటావు. తెడ్లు రెండూ నీళ్ల మీద ఉన్నంతసేపూ పడవ నిలబడుతుంది, ఒక్కటి వదిలేశావో నీళ్లలో ఉంటావు. కొత్తవాళ్లందరూ చేసేది ఒకటే, పడవ కొంచెం ఒరగ్గానే బిగుసుకుపోతారు. తలమీద నీళ్ల బిందె పెట్టుకుని నడిచే ఆడవాళ్లను చూడు, మెడ బిగించరు, నడుము దగ్గర ఒళ్లు వదులుగా ఉంచుతారు. పడవలోనూ అంతే. పిడిని వేళ్లతో పట్టుకో, గుప్పిట బిగించకు. బిగిస్తే మణికట్టు తిరగదు, తెడ్డు పలక నీళ్లలో అడ్డంగా ఇరుక్కుంటుంది. దాన్ని ఇక్కడ 'క్రాబ్ పట్టడం' అంటారు. వేగంలో ఉన్నప్పుడు పడిందంటే పిడి వచ్చి పొట్టలో గుద్దుతుంది.

చేతుల సంగతి ఇంకొంచెం చెప్పాలి. లాగేటప్పుడు మధ్యలో ఒక చోట రెండు పిడులూ ఒకదాని మీదుగా ఒకటి దాటుతాయి, అక్కడ ఒక చేయి కొంచెం పైన, రెండోది కొంచెం కింద ఉండాలి. కొత్తలో పై చేతి గోళ్లు కింది చేతి వేళ్ల కణుపులను గీరేస్తాయి. కాబట్టి గోళ్లు కురచగా కత్తిరించుకో, ఉంగరాలు తీసేయ్. అరచేతుల్లో బొబ్బలు వస్తాయి, పగులుతాయి. పగిలినదాన్ని శుభ్రంగా కడిగి, ఆరనిచ్చి, టేప్ చుట్టుకుని వెళ్లు. గ్లవ్స్ మాత్రం వద్దు, తెడ్డు తిరగడం వేళ్లకు తెలియకుండా పోతుంది. కొన్నాళ్లకు చేతులు కాయలు కాసి గట్టిపడతాయి. మీ అమ్మ చూసి బాధపడుతుంది, పడనీ.

చూసేవాళ్లకు ఇది చేతుల ఆటలా కనిపిస్తుంది. అసలు బలమంతా కాళ్లది. సీటు చక్రాల మీద ముందుకూ వెనక్కీ జరుగుతుంది. మోకాళ్లు మడిచి ముందుకు వచ్చి, తెడ్లు నీళ్లలో వేసి, కాళ్లతో ఫుట్ ప్లేట్‌ను నెట్టాలి. కాళ్లు చాపేదాకా చేతులు తిన్నగానే ఉండాలి, నడుము తర్వాత, మోచేతులు చివర్న. అంతా అయ్యాక ముందుకు రావడం నెమ్మదిగా. పరుగెత్తినదానివి కాబట్టి నీకు ఇదే కష్టంగా ఉంటుంది, ప్రతిదీ గబగబా చేయాలనిపిస్తుంది. ట్రెయినింగ్‌లో నిమిషానికి 18, 20 స్ట్రోకులే వేయిస్తారు. విసుగనుకోకు, ఆ నెమ్మదిలోనే పడవ నీళ్ల మీద జారడం వినిపిస్తుంది.

నీ పాదం సంగతి తేలిక చేయకు. బూట్లు పడవకే బిగించి ఉంటాయి, ముందుకు వచ్చినప్పుడు మడమ లేస్తుంది, మళ్లీ నెట్టేటప్పుడు బరువంతా పాదం ముందు భాగం మీద పడుతుంది. పరుగులో ఉన్న దెబ్బ ఇందులో ఉండదు కానీ, మొదలుపెట్టే ముందు ఫిజియోకు స్కాన్ చూపించి సరేననిపించుకో. నడుమునూ పక్కటెముకలనూ కూడా గమనించుకుంటూ ఉండు. రోయింగ్‌లో పక్కటెముకలకు సన్నని చీలికలు రావడం మామూలే, గాలి పీల్చినప్పుడు పొడిచినట్టుంటే ఓర్చుకుని లాగకు. ఇంకొకటి, నువ్వు శాకాహారివి, నెలసరి ఎక్కువని మీ అమ్మ అంటుంది. సీజన్‌కు ముందు ఐరన్ పరీక్ష చేయించుకో. రక్తం తక్కువైతే ఎంత లాగినా పడవ కదలదు, నువ్వేమో నీకు చేతకావడం లేదనుకుంటావు. సన్‌స్క్రీన్ రాసుకో. నల్లబడతావని ఊళ్లోవాళ్లు అనే మాటలకు కాదు, ఇక్కడి ఎండకు చర్మ క్యాన్సర్ నిజమైన ప్రమాదం కాబట్టి.

డబ్బు విషయానికొస్తే, పడవ కొనాలనే ఆలోచనే పెట్టుకోకు. క్లబ్ పడవలున్నాయి, సభ్యత్వం కడితే చాలు.

రియో గురించి రాయకుండా ఉండలేను. లండన్ తర్వాత కిమ్ సింగిల్ మీదే దృష్టి పెట్టింది. కాన్‌బెర్రాలో ట్రెయినింగ్, 2013లో దక్షిణ కొరియాలోని చుంగ్‌జూలో ప్రపంచ విజేత. 2014లో ఆమ్‌స్టర్‌డామ్‌లో న్యూజిలాండ్ అమ్మాయి ఎమ్మా ట్విగ్ చేతిలో ఓడి రజతం. 2015లో ఫ్రాన్స్‌లోని ఎగ్‌బెలెట్‌లో మళ్లీ స్వర్ణం. ఇదంతా ఒకపక్క లా చదువు పూర్తిచేసి, లాయరు పని కూడా చూసుకుంటూనే. అందుకని "చదువుకు టైమ్ దొరకదేమో" అని నువ్వు టెన్షన్ పడితే నేను ఒప్పుకోను. పొద్దున్న ఐదున్నరకు యారా నది మీద ఉంటే ఎనిమిదింటికల్లా స్నానం చేసి లైబ్రరీలో కూర్చోవచ్చు. రాత్రి పదికి ఫోన్ పక్కన పెట్టాలి, అంతే.

రియోలో పోటీలు జరిగింది లగోవా సరస్సులో. మొదటి రోజే, ఆగస్టు 6న, విపరీతమైన గాలి. అలలకు పడవల్లోకి నీళ్లొచ్చాయి. సెర్బియా జంట పడవ ఏకంగా తిరగబడింది. అందరూ గెలుస్తుందనుకున్న కిమ్ తన హీట్‌లో, అంటే మొదటి రౌండ్ రేసులో, మూడో స్థానంలో వచ్చింది. మూడో స్థానం చాలు, తర్వాతి రౌండ్‌కు వెళ్లొచ్చు. మర్నాడు గాలికి రేసులన్నీ రద్దు చేశారు. నాలుగేళ్లుగా ఎదురుచూసిన పోటీ అలా మొదలైతే ఎవరికైనా గుండె జారుతుంది. ఆమె ఆ నీళ్లలో ఆ రోజుకు కావలసినంత చేసి, మిగతాది దాచుకుంది. 13న ఫైనల్లో 7 నిమిషాల 21.54 సెకన్లలో ముగించింది. రెండో స్థానంలో వచ్చిన అమెరికా అమ్మాయి జెనెవ్రా స్టోన్ 7 నిమిషాల 22.92. అంత దూరం లాగాక సెకనున్నర కూడా లేదు తేడా. ఆస్ట్రేలియా ఆడవాళ్లలో సింగిల్ స్కల్స్ ఒలింపిక్ స్వర్ణం మొదట గెలిచింది ఆమే. ముగింపు వేడుకల్లో దేశం జెండా కూడా ఆమె చేతికే ఇచ్చారు.

ఆ ఫైనల్ వీడియో దొరికితే చూడు, కానీ మెడల్ కోసం చూడకు. శబ్దం తగ్గించి, ఆమె తెడ్లు నీళ్లలోకి దిగే చోటు ఒక్కటే చూడు. చిమ్ముడు తక్కువ, తొందర కనిపించదు. ఆ తర్వాత అదే రేసులో నాలుగో స్థానంలో వచ్చిన ఎమ్మా ట్విగ్‌ను చూడు. లండన్‌లోనూ నాలుగే ఆమెది. ఆట వదిలేసి, తిరిగొచ్చి, టోక్యోలో స్వర్ణం కొట్టింది. వీళ్లిద్దరినీ పక్కపక్కన పెట్టి ఆలోచించడం నాకిష్టం.

ఇంకో సంగతి నీ తరం అమ్మాయిలు తెలుసుకోవాలి. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల రోయింగ్ పెట్టిందే 1976లో మాంట్రియల్‌లో. అప్పుడు కూడా మగవాళ్లకు రెండు వేల మీటర్లు, ఆడవాళ్లకు వెయ్యే. ప్రపంచ పోటీల్లో ఆడవాళ్లకూ రెండు వేలు చేసింది 1985లో, కిమ్ పుట్టిన ఏడాది. ఒలింపిక్స్‌లో 1988లో. ఆస్ట్రేలియా ఆడవాళ్లకు రోయింగ్‌లో తొలి ఒలింపిక్ స్వర్ణం 1996లో అట్లాంటాలో, మెగన్ స్టిల్, కేట్ స్లాటర్ పెయిర్‌లో తెచ్చారు. మా క్లబ్‌లో నాకంటే పెద్దావిడలు ఉన్నారు. ఆడపిల్లలకు ఇది వద్దన్న రోజులు వాళ్లు కళ్లారా చూశారు. వాళ్లు తెడ్డు పట్టడం చూపిస్తే శ్రద్ధగా విను.

మీ అమ్మ నీళ్లంటే భయపడుతుందని నాకు తెలుసు, మా చెల్లెలు చిన్నప్పటినుంచీ అంతే. ఆ భయం కొట్టిపారేయాల్సింది కాదు. యారాలో చలికాలం నీళ్లు ఒళ్లు కొరికేస్తాయి. చీకటిలో వెళ్తే లైటు లేకుండా వెళ్లకు, ఒంటరిగా అసలు వెళ్లకు, పడవ తిరగబడితే పడవను వదిలి ఒడ్డుకు ఈదకు, అది తేలుతుంది, పట్టుకునే ఉండు. స్విమ్మింగ్ పూల్‌లో బట్టలతో ఈదడం, తిరగబడిన పడవను మళ్లీ ఎక్కడం రాకుండా సింగిల్ జోలికి వెళ్లవద్దు. అవి రెండూ వచ్చేశాక నాకు మెసేజ్ పెట్టు, ఆ మర్నాడే మీ అమ్మకు నేను ఫోన్ చేసి మాట్లాడతాను. అప్పటిదాకా ఆవిడ దగ్గర ఈ మాట ఎత్తకు.

ప్రేమతో,
పెద్దమ్మ