కవితా శిబిరానికి వెళ్ళనా అని అడిగిన అమ్మాయికి

అమ్మాయీ,

నీ ఉత్తరం, దాంతో పంపిన కరపత్రం చూశాను. రిసార్ట్‌లో రెండు రోజుల బస, ఆరుగురు కవులు, రాత్రి క్యాంప్‌ఫైర్ దగ్గర కవితాగానం. సరదాగా ఉంటుంది, వెళ్ళు. నలుగురు స్నేహితులైనా దొరుకుతారు. కానీ నువ్వడిగింది కాస్త నెమ్మదిగా చదువుకుని, రాసుకుని, తనలోకి తాను చూసుకునే చోటు. అది అక్కడ దొరకదు. ఆ టైమ్‌టేబుల్ చూస్తేనే నాకు ఆయాసం వచ్చింది.

నాకు తెలిసిన చోటు తిరువణ్ణామలైలో రమణాశ్రమం. మనవాళ్ళు అరుణాచలం అంటారు. నువ్వు పెద్ద భక్తురాలివి కాదని తెలుసు, నేనూ అంతంతమాత్రమే. నేను మొదటిసారి వెళ్ళింది రచయిత చలం కోసం. 1950లో అక్కడికి చేరి, 1979లో పోయేదాకా ఆ ఊళ్ళోనే ఉన్నాడాయన. తన రాతలతో అంత గొడవ చేసిన మనిషి అంత ఊరకే ఎలా కూర్చున్నాడో చూద్దామని వెళ్ళాను.

ఐదు పుస్తకాలు, రెండు నోట్‌బుక్కులు మోసుకెళ్ళి మూడు రోజుల్లో పదకొండు కవితలు రాసేశాను. ఇంటికొచ్చి చదువుకుంటే అన్నింటిలోనూ మౌనమే. తొమ్మిదింటిలో అరుణాచలం కొండ కూడా ఉంది గానీ దాని మీద ఒక్క రాయి లేదు, కాలికి గుచ్చుకున్న ముల్లు లేదు. చెప్పుల్లేకుండా కొండ మీది స్కందాశ్రమం దాకా ఎక్కినవాణ్ణి, అరికాళ్ళు కాలినవాణ్ణి, అదెక్కడా రాయలేదు!

మిగిలిందల్లా భోజనాల దగ్గర చూసిన ఒక సంగతి. పదకొండున్నరకి గంట కొడితే అందరం నేలమీద విస్తళ్ళ ముందు కూర్చున్నాం. నా పక్కన పెద్దాయన అన్నంలో గుంట చేసి రసం పోయించుకున్నాడు. గట్టు ఒకవైపు తెగి రసం ఆకు అంచు వైపు పరిగెత్తింది. ఆయన కంగారు పడలేదు. నాలుగు మెతుకులు తీసి దానికి అడ్డం పెట్టాడు, పొలంలో మడవ కట్టినట్టు. రైతే అయ్యుంటాడు. ఇది కవిత్వం కాదనుకుని అప్పుడు రాసుకోలేదు. చాలా ఏళ్ళకి అదొక్కటే పనికొచ్చింది.

అక్కడ చదవాల్సినవాళ్ళలో నేను మొదట చెప్పేది సూరి నాగమ్మ గారి పేరు. 1945 నుంచి ఆశ్రమంలో ఏ రోజు ఏం జరిగిందో వాళ్ళన్నయ్యకి తెలుగులో ఉత్తరాలు రాసిందావిడ. ఎవరొచ్చారు, ఏమడిగారు, భగవాన్ రమణులు ఏమన్నారు, ఉడతలు, నెమళ్ళు, లక్ష్మి అనే ఆవు. కవిత్వం రాస్తున్నానన్న టెన్షన్ లేదు గనక కళ్ళు బాగా పనిచేశాయి. ఆ ఉత్తరాల పుస్తకం ఒక్కటీ తీసుకెళ్ళు, మిగతావి ఇంట్లో వదిలెయ్.

సాయంత్రం తమిళ పారాయణం జరుగుతుంది, వెళ్ళి కూర్చో. నీకు తమిళం రాకపోవడమే మంచిది, అర్థం అడ్డురాదు. తమిళులు ఎదుగై అనేది మన రెండో అక్షరం ప్రాసే. ఎక్కడ పడుతోందో చెవి పట్టేస్తుంది. వచన కవిత రాసేదానికి ఇదంతా ఎందుకంటావేమో. నువ్వు పంపిన కవితలో పంక్తులు కాగితం మీద విరిగాయి గానీ గొంతులో విరగలేదు. అందుకే చెప్తున్నా.

రమణుల అక్షరమణమాల ఎలా పుట్టిందో తెలుసా? ఆయన కొండ మీద విరూపాక్ష గుహలో ఉన్న రోజుల్లో, భిక్షకి ఊళ్ళోకెళ్ళే సాధువులు దారిలో పాడుకోడానికి ఒక పాట కావాలన్నారు. అలా వచ్చాయి 108 చరణాలు, అక్షరక్రమంలో, ఒక్కోదాని చివరా అరుణాచలా అన్న పిలుపుతో. మన శతకానికి మకుటం లాగే. కొన్ని కొండ చుట్టూ నడుస్తుండగా కట్టినవట. ఆ ప్రదక్షిణ దారి 14 కిలోమీటర్లు. ఎవరూ తలుపులేసుకుని రాసింది కాదది. అన్నం అడుక్కోడానికి నడిచేవాళ్ళ కోసం కట్టింది. మనం మాత్రం ఏసీ గది, కిటికీలోంచి వ్యూ ఉంటే గానీ పెన్ను కదలదంటాం. (నేనూ అన్నవాణ్ణే.)

బసకి ముందుగానే రాసి అడగాలి, అప్పటికప్పుడు వెళ్తే గది దొరకడం కష్టం. అద్దె ఇంతని అడగరు, తోచింది ఇచ్చి రా. పౌర్ణమికి మాత్రం వెళ్ళకు. ఆ రాత్రి గిరిప్రదక్షిణకి లక్షల మంది వస్తారు, సగం మాటలు తెలుగులోనే వినిపిస్తాయి. తిరుపతి నుంచి బస్సులున్నాయి.

మొదటి రోజు ఏమీ రాయకు. రెండో రోజు చూసింది చూసినట్టు ఒక పేజీ రాయి, మౌనం అన్న మాట రాకుండా. వచ్చాక నాకు కవితలు పంపొద్దు, ఆ పేజీ పంపు.

గది వదిలి వెళ్ళేటప్పుడు కిటికీ మూసెయ్, కోతులొస్తాయి. రెండోసారి వెళ్ళినప్పుడు నా నోట్‌బుక్ గోడ మీదికి తీసుకెళ్ళి నాలుగు పేజీలు చింపిందొకటి. కింద నిలబడి చూశాను. సరిగ్గా చింపాల్సినవే చింపింది.