సైకియాట్రీ వార్డులో పేషెంట్లు మీదకొస్తుంటే ఏం చేయాలి?

అక్యూట్ సైకియాట్రీ వార్డులో, అంటే మానసిక జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లను చేర్చుకునే వార్డులో, కొత్తగా చేరాను, పేషెంట్లు అరవడం, కొట్టడానికి రావడం తగ్గించే దారి ఉందా అని అడిగారు. పదకొండేళ్లుగా అలాంటి వార్డులోనే నర్సుగా ఉన్నాను. నేను చూసినంతలో గొడవల్లో సగానికి మూలం జబ్బు కాదు, మనం "కుదరదు" అన్న తీరు.

నా మొదటి ఏడాదిలో ఒకాయన కౌంటర్ దగ్గరికొచ్చి కూతురికి ఫోన్ చేయాలన్నాడు. కేస్ షీట్ రాస్తూ తలెత్తకుండానే "తర్వాత" అన్నాను. పది నిమిషాలకు మళ్లీ వచ్చాడు, మళ్లీ అదే మాట. మూడోసారి ఏమీ అడగలేదు, కౌంటర్ మీది రిజిస్టర్ తీసి నా మొహాన కొట్టాడు. నలుగురం పట్టుకుని ఇంజెక్షన్ ఇచ్చాం, రిపోర్టులో నేను "కారణం లేకుండా దాడి" అని కూడా రాశాను! ఐదింటికి ఫోన్ ఇస్తారని నాకు తెలుసు, ఆయనకు తెలీదు, అంతే తేడా.

ఇప్పుడైతే లేచి నిలబడి, ఎందుకు కుదరదో, ఎన్నింటికి కుదురుతుందో చెప్తాను, ఆ టైముకి నేనే వెళ్లి పిలుస్తాను. డిశ్చార్జ్ వాయిదా పడిందన్న మాట మాత్రం వరండాలో అందరి ముందూ చెప్పకండి, పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టి చెప్పి, కాసేపు అక్కడే ఉండండి.

ఇవి నేను కనిపెట్టినవి కావు. ఇంగ్లాండ్‌లో లెన్ బవర్స్ బృందం తయారుచేసిన 'సేఫ్‌వార్డ్స్' పద్ధతిలో ఉన్నవే. 31 వార్డుల్లో పరీక్షించి 2015లో ఫలితాలు వేశారు: గొడవలు 15 శాతం, బలవంతంగా పట్టుకోవడం, మందివ్వడం లాంటివి 26 శాతం తగ్గాయి. వెళ్లిపోయే పేషెంట్లు కొత్తవాళ్ల కోసం గోడ మీద నాలుగు మాటలు రాసిపెట్టడం కూడా అందులో ఒకటి. మొదట నేను నవ్వాను, తర్వాత రాత్రిపూట నిద్రపట్టనివాళ్లు వాటి ముందు నిలబడి చదవడం చూశాను.

బ్రోసెట్ చెక్‌లిస్ట్ కూడా నేర్చుకోండి. అయోమయం, చిరాకు, గోల, మాటలతో బెదిరింపు, మీదకొచ్చి బెదిరించడం, వస్తువుల మీద దాడి, ఈ ఆరూ చూసి రాబోయే 24 గంటల ప్రమాదం అంచనా వేస్తారు. స్కోరు రాసి హ్యాండోవర్‌లో, అంటే డ్యూటీ మారేటప్పుడు తర్వాతి షిఫ్ట్ వాళ్లకి, చెప్పకపోతే మాత్రం అది వట్టి కాగితమే.

ఇంకోటి, మందు మొదలుపెట్టాకో డోసు పెంచాకో కాలు ఒకచోట నిలవక తిరుగుతుంటే అది కోపం కాకపోవచ్చు, అకథీసియా, అంటే మందు వల్లే వచ్చే నిలవలేని అశాంతి, అయ్యుండొచ్చు, డాక్టర్‌కి చెప్పండి. దాన్ని కోపమనుకుని మళ్లీ అదే మందు ఎక్కించడం చూశాను.

అప్పటికే రెచ్చిపోయి ఉంటే ఒక్కరే మాట్లాడాలి, రెండు చేతుల దూరంలో, తలుపుకి అడ్డం లేకుండా. "శాంతంగా ఉండు" అనకండి. చేతిలో ఏదైనా ఉంటే మాటలు ఆపి అలారం నొక్కండి.