స్పిన్-ఆఫ్ గేమ్ నచ్చకపోతే తప్పు ట్రైలర్‌దేనా?

"మెయిన్ సిరీస్ అంటే ప్రాణం, కానీ దాని స్పిన్-ఆఫ్, అంటే దాన్నుంచి పుట్టిన పక్క గేమ్, ఏది ఆడినా మోసపోయినట్టే ఉంటుంది. ఇక ట్రైలర్లు నమ్మడం మానేయాలా?" అని ఒకరు అడిగారు. మానక్కర్లేదు. నాకు జరిగింది చెబుతాను.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో ఉన్నా ఇంట్లో తెలుగే. 2016లో అస్సాసిన్స్ క్రీడ్ సిరీస్‌కి స్పిన్-ఆఫ్‌గా అస్సాసిన్స్ క్రీడ్ క్రానికల్స్: ఇండియా వచ్చేసరికి నేను అదే మెయిన్ సిరీస్‌లోని ఓడల గేమ్ బ్లాక్ ఫ్లాగ్ పిచ్చిలో ఉన్నా. 1841, సిక్కుల రాజ్యం, అమృత్‌సర్, కోహినూర్ వజ్రం. ఈ నాలుగు మాటలు చదివానో లేదో, మిగతా గేమంతా నా బుర్రలోనే తయారైపోయింది. అక్కడ ఓడేసుకుని సముద్రమంతా తిరిగినట్టు ఇక్కడ అమృత్‌సర్ గల్లీలన్నీ తిరిగేయొచ్చనుకున్నా. తీరా కొని చూస్తే, పక్కనుంచి చూస్తూ ఆడే సైడ్ స్క్రోలర్. మెల్లగా, నక్కి నక్కి, కాపలావాళ్ళ కంటపడకుండా సాగే ఆట. గంటలో మూసేశా. ట్రైలర్ ఆ సంగతి దాచలేదండీ. నేనే పేరులో ఇండియా అన్న మాట దగ్గర ఆగిపోయా.

సెలవులకి పాతపట్నం నుంచి మా పిన్ని కొడుకు వచ్చాడు. వాడికి ఆ సిరీస్ పేరే తెలీదు. ఆ రంగులు చూసి కూర్చున్నవాడు అన్నానికి పిలిచినా లేవలేదు. "సూపరుంది కదా అన్నయ్యా, నువ్వెందుకు ఆపేశావ్?" అన్నాడు. ఏం చెప్పను? నేను ఆపేసింది ఈ గేమ్‌ని కాదు, నేను ఊహించుకున్న గేమ్‌ని.

కథ విషయంలో మాత్రం ప్రచారానిదీ తప్పుంటుంది. 2020లో వచ్చిన హైరూల్ వారియర్స్: ఏజ్ ఆఫ్ కెలామిటీ చూడండి. వారియర్స్ అన్నది అలాంటి ఆటల సిరీస్ పేరు, అది పేరులోనే ఉంది కాబట్టి గుంపులు గుంపులుగా శత్రువుల్ని నరికే ఆట అని అందరికీ తెలుసు, అక్కడ గొడవ లేదు. కానీ జెల్డా మెయిన్ సిరీస్‌లోని బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌ గేమ్‌కి 100 ఏళ్ళ ముందు జరిగిన మహావిపత్తు కథ అని ప్రచారం చేశారు. ఆ యుద్ధంలో నలుగురు వీరులూ చనిపోయారని బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ ఆడినవాళ్ళకి ముందే తెలుసు. ఆ విషాదం కళ్ళారా చూద్దామనే వచ్చారు. తీరా చూస్తే ఒక బుల్లి గార్డియన్ (రోబో లాంటిది) కాలంలో వెనక్కి వచ్చి కథ మార్చేస్తుంది, వీరులు బతికిపోతారు. పద్మవ్యూహం నాటకమని ఊరంతా పిలిచి, చివర్లో అభిమన్యుణ్ణి క్షేమంగా ఇంటికి పంపితే జనం ఊరుకుంటారా? ఆ మలుపు నాకు బాగానే నచ్చింది, అది వేరే సంగతి. అయినా వాళ్ళ కోపం అర్థమవుతుంది.

ఇంకోటి, ఎక్కడ చెప్పారన్నది కూడా ముఖ్యమే. 2018లో బ్లిజార్డ్ కంపెనీ తన అభిమానుల కోసం పెట్టే బ్లిజ్‌కాన్ వేడుకలో డయాబ్లో సిరీస్‌కి స్పిన్-ఆఫ్ అయిన డయాబ్లో ఇమ్మోర్టల్ ప్రకటించినప్పుడు అక్కడున్నవాళ్ళలో చాలామంది కంప్యూటర్ మీద కొత్త డయాబ్లో కోసం ఎదురుచూస్తున్నారు. ఫోన్ గేమ్ అనగానే మండిపోయారు. "మీ దగ్గర ఫోన్లు లేవా?" అని స్టేజీ మీద నుంచి అడిగిన మాట ఇప్పటికీ జోకే. అదే మాట మా వీధి అరుగు మీద అడిగి ఉంటే? ఇక్కడి కుర్రాళ్ళ దగ్గర ఉన్నవే ఫోన్లు! "ఎప్పుడొస్తుంది?" అని ఎదురు ప్రశ్న వేసేవాళ్ళు.

అదే స్పైడర్‌మ్యాన్: మైల్స్ మోరాలిస్ అప్పుడు, 2020 జూన్‌లో ఇది పాత గేమ్‌కి అదనపు భాగమా, విడి గేమా అని గందరగోళం వస్తే, విడి గేమేనని వెంటనే తేల్చి చెప్పారు. మొదటి గేమ్ అంత పొడవుండదనీ ముందే తెలిసింది. దాంతో చిన్నదైనా పెద్దగా ఎవరూ గోల పెట్టలేదు.

ఇప్పుడు నేను ట్రైలర్ చూసినా, తర్వాత ఎవరో ఒకరు మధ్యలో కట్ చేయకుండా ఆడిన పదిహేను నిమిషాల వీడియో కూడా చూస్తాను, సౌండ్ ఆపేసి. మ్యూజిక్ ఉంటే మళ్ళీ పడిపోతాను, నా సంగతి నాకు తెలుసు. కథ కోసమే కొంటున్నానా, ఆట కోసమా అని కూడా ఒకసారి ఆలోచించుకుంటాను. కథ కోసమైతే రిలీజయ్యాక ఒక వారం ఆగుతాను.

మా పిన్ని కొడుకు మాత్రం అవేవీ చూడడు. ఇండియా అయిపోగానే అదే క్రానికల్స్‌లోని చైనా గేమ్ పెట్టమని నా ప్రాణం తీశాడు.