సోలార్ సంగతి ప్లాన్ గీసే రోజే తేల్చుకోండి

బెంగళూరులో 30×40 సైట్‌లో ఇల్లు మొదలుపెడుతున్నాం, సోలార్, చిన్న గాలిమర లాంటివి ఇప్పుడే ఆలోచించాలా, గృహప్రవేశం అయ్యాక చూసుకోవచ్చా అని అడిగారు. ప్యానెల్స్ ఎప్పుడైనా కొనుక్కోండి. వాటి చోటు మాత్రం ప్లాన్‌లోనే ఉండాలి. గాలిమర మానేయండి, బిల్డింగుల మధ్య దానికి సరైన గాలే తగలదు.

హోరమావులో మా బావమరిది ఇల్లు చూశాకే ఇంత గట్టిగా చెబుతున్నాను. బరువు నైరుతిలో ఉండాలని మెట్ల గది, దానిమీద ట్యాంకు ఆ మూలే కట్టించాడు. తర్వాత మిగిలిన చోట 3 కిలోవాట్ల ప్యానెల్స్ బిగించారు. డిసెంబరులో మిద్దె ఎక్కి చూస్తే, మధ్యాహ్నం రెండు దాటేసరికి నీడ ఈశాన్యానికి సాగి వాటిమీదే పడుతోంది. "ఒక మూలే కదా బావా" అన్నాడు. ఒకే వరసలో కలిపిన ప్యానెల్స్‌లో ఒకదానిమీద నీడ పడినా ఆ దెబ్బ మిగతావాటికీ తగులుతుంది. చలికాలం మిట్టమధ్యాహ్నం కూడా ఇక్కడ 10 అడుగుల గోడ నీడ ఉత్తరానికి 7 అడుగులు దాటుతుంది. ఆ లెక్క ఇంజనీరు ముందే వేయాలి. ఈ ఇంజనీర్లేమో ఎలివేషన్‌కు, అంటే ఇంటి ముందు రూపుకు, రంగురంగుల త్రీడీ బొమ్మలు చూపిస్తారు, టెర్రస్ డ్రాయింగ్ అడిగితే ఖాళీ చతురస్రం ఇస్తారు!

నేను వాస్తు వద్దనను. మా ఇంట్లోనూ ట్యాంకు నైరుతిలోనే ఉంది. కానీ పిల్లర్ల చువ్వలు స్లాబు పైకి వదిలించి, ప్యానెల్స్‌ను ట్యాంకు కంటే ఎత్తులో కూర్చోబెట్టాం. కింద బట్టలు ఆరేసుకుంటాం. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక స్లాబుకు డ్రిల్లు పెడితే వానల్లో కారడం ఖాయం. మీటరు దాకా కేబుల్ పైపు, ఎర్తింగ్ కూడా గోడలు లేచేటప్పుడే వేయించండి. కిలోవాటుకు నీడ పడని 100 చదరపు అడుగులు కావాలి, రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. 3 కిలోవాట్లకు కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం సూర్యఘర్ కింద 78,000 రూపాయల సబ్సిడీ ఉంది.

వేడినీళ్ల సోలార్ పెడితే బాత్రూములు ఒకదానిమీద ఒకటి వచ్చేలా గీయించండి. హీటరు ఒక మూల, బాత్రూము ఇంకో మూల ఉంటే వేడినీళ్లు వచ్చేలోపు బకెట్ చల్లనీళ్లు పోతాయి. ఎండాకాలం ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊళ్లో అది చూస్తే నాకు కడుపు మండుతుంది. బోరు నీళ్లయితే హీటరు ట్యూబుల్లో సున్నం పేరుకుంటుంది, ఆ నీళ్లు ట్యూబుల్లోకి పోకుండా విడిగా వేడెక్కించే హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉన్నది అడగండి.