ఆప్షన్లు పెట్టే ముందు

అమ్మలూ,

నీ ఈఏపీసెట్ ర్యాంకు సంగతి రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మంచి ర్యాంకే, దిగులు పడకు. మీ నాన్న వైజాగ్ అంటున్నారట, తాతయ్యేమో విజయనగరం దాటొద్దంటున్నారట. ముప్పయ్యేళ్లు ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. కౌన్సెలింగ్ వచ్చిందంటే వాళ్ల ఆప్షన్ల కాగితాలు ముందేసుకుని కూర్చునేదాన్ని. అందుకే చనువుగా రాస్తున్నాను.

ఏ కాలేజీ పేరైనా ఎవరి నోట వింటున్నావో ముందు చూడు. కాలేజీ తరఫున ఇంటికొచ్చే పీఆర్వో మాట వేరు, అక్కడ థర్డ్ ఇయర్ చదువుతున్న పిల్ల మాట వేరు. పెద్దవాళ్లు చెప్పే పేరు ఒక్కోసారి పాతికేళ్ల కిందటిది. ఇక్కడి ప్రభుత్వ సాంకేతిక యూనివర్సిటీ జేఎన్టీయూ గురజాడ నిన్న మొన్న పుట్టిందని తాతయ్య తీసిపారేశారట. యూనివర్సిటీ అయింది 2022లోనే గానీ, విజయనగరంలో ఆ క్యాంపస్ 2007 నుంచీ నడుస్తోంది. మన చుట్టుపక్కల చాలా ప్రైవేటు కాలేజీలు దానికి అనుబంధంగా ఉన్నవే. వాటిలో ఎక్కడ చదివినా పట్టా మీద ఉండేది ఆ యూనివర్సిటీ పేరే. కాబట్టి నువ్వు తేల్చుకోవలసింది నాలుగేళ్లు నీకు పాఠం ఎవరు చెబుతారన్నది.

బ్రోషర్లో, కాలేజీల నాణ్యత తూచే నాక్ సంస్థ ఇచ్చిన గ్రేడు పెద్దక్షరాల్లో వేస్తారు. అది కాలేజీ మొత్తానికి ఇచ్చేది. ఎన్‌బీఏ అనే మరో సంస్థ ఇచ్చే గుర్తింపు ఒక్కో బ్రాంచికి విడిగా వస్తుంది. మెకానికల్‌కి ఉండి, నువ్వడిగే ఈసీఈకి (ఎలక్ట్రానిక్స్) లేకపోవచ్చు. నీ బ్రాంచికి ఉందా, గడువు ఎప్పటివరకు అని అడుగు. కేంద్ర ప్రభుత్వం కాలేజీలకిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకు కూడా చూడు గానీ, ఇంజినీరింగ్‌లో అందులో వందకు 30 మార్కులు పరిశోధనకే పోతాయి. ఫస్టియర్ పిల్లకు మ్యాథ్స్ ఎలా చెబుతారో అది చెప్పదు.

కిందటేడు లాస్ట్ ర్యాంకుల పట్టిక, అంటే ఏ కాలేజీలో ఏ ర్యాంకు దాకా సీటొచ్చిందో చెప్పేది, మాత్రం ఓపిగ్గా చదువు. ఓసీ కాలమ్ చూసి బెదిరిపోకు. మన బీసీ-డీ అమ్మాయిల కాలమ్ వెతుకు, మన ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) రీజియన్ వరుసే చూడు. ఒక్క ఏడాదితో తేల్చకు, మూడేళ్లవి పక్కపక్కన పెట్టు. సీఎస్ఈ (కంప్యూటర్) సీట్లు పెరిగిన ఏడాది లాస్ట్ ర్యాంకు వేలల్లో జారిపోతుంది, అంతమాత్రాన కాలేజీ చెడిపోయినట్టు కాదు. పట్నం పక్కనుందనో, బస్సు వీలుందనో కూడా పిల్లలు ఎగబడతారు.

ఒకసారి వెళ్లి చూడు. నా చెల్లెలి కొడుకుతో ఒక కాలేజీకి వెళ్లినప్పుడు ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ తెరిచి చూపించారు. ఆసిలోస్కోపులకు ప్లాస్టిక్ కవర్లు ఇంకా విప్పలేదు. బల్ల మీది రిజిస్టర్లో చివరి సంతకం నాలుగు నెలల కిందటిది. ఆ సాయంత్రమే వాడు ఆ కాలేజీని జాబితాలోంచి కొట్టేశాడు. నువ్వూ రిజిస్టర్ తిరగేయి, మొహమాటపడకు. ప్లేస్‌మెంట్ల గురించి అడిగితే పెద్ద ప్యాకేజీ ఒక్కటే చెబుతారు. నీ బ్రాంచిలో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఆఫర్ వచ్చింది, మధ్యలో ఉన్న పిల్లవాడి జీతమెంత అని అడుగు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ వదిలేయకు తల్లీ. మా అబ్బాయివి ఒక కాలేజీ వాళ్లు 'సీటు ఆపడానికి' అని తీసుకుని, వేరేచోట సీటొచ్చాక ఇవ్వకుండా పదిరోజులు తిప్పారు. ఆ పదిరోజులు నాకు అన్నం సయించలేదు. ఇప్పుడైతే ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని, యూనివర్సిటీలను అజమాయిషీ చేసే యూజీసీ 2018లోనే చెప్పింది. చూపించి, వెంటనే వెనక్కి తీసుకో. మేనేజ్‌మెంట్ సీటుకు తొందరపడి అడ్వాన్స్ కట్టొద్దని నాన్నకు చెప్పు. కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చే కన్వీనర్ కోటాలో వస్తేనే ఫీజు రీయింబర్స్‌మెంట్.

వెబ్ ఆప్షన్లు నీకు ఇష్టమైన వరుసలోనే పెట్టు. పైన అందని కాలేజీ పెడితే కింది సీటు పోతుందని కొందరు భయపెడతారు, అది తప్పు. మొదటిది రాకపోతే రెండోదానికి వెళ్తుంది, అంతే. చేరనని నీకు ముందే తెలిసిన కాలేజీ మాత్రం అసలు పెట్టకు.

ఆదివారం ర్యాంకు కార్డు, కులధ్రువీకరణ పత్రం తీసుకుని పొద్దున్నే శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో బస్సెక్కేయి. నాన్ననూ తీసుకురా. పట్టిక ప్రింటు తీయించి ఉంచాను, ముగ్గురం కూర్చుని వరుస రాద్దాం.

మీ పెద్దమ్మ,
విజయనగరం